ఆర్‌సీ విమానానికి మోటార్ ఎంపిక: కిలోకు వాట్లా, థ్రస్టా, పిచ్ వేగమా – ఏది మేలు?

ఎలక్ట్రిక్ ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానం కట్టుకుంటున్నవారు తరచుగా అడిగే ప్రశ్న, ఈ మోడల్‌కు ఎంత శక్తి గల మోటార్ కావాలన్నది. దీన్ని తేల్చడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. కిలో బరువుకు ఇన్ని వాట్లు అని లెక్కించడం మొదటిది, థ్రస్ట్‌ను, అంటే ప్రొపెల్లర్ ముందుకు లాగే బలాన్ని, బరువుతో పోల్చడం రెండోది, ప్రొపెల్లర్ పిచ్ వేగాన్ని మోడల్ స్టాల్ వేగంతో పోల్చడం మూడోది. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టుకు లెక్క ప్రకారం ముందుకు సాగే దూరం, ఆ లెక్కన వచ్చే వేగమే పిచ్ వేగం; స్టాల్ వేగం అంటే రెక్కలు మోడల్‌ను గాలిలో నిలపగల కనిష్ఠ వేగం. ఈ మూడింటిలో నిర్ణయాన్ని దేనికి వదిలిపెట్టాలన్నదే ఇక్కడి చర్చ.

కిలోకు వాట్ల పద్ధతి అన్నిటికంటే సులువు. బ్యాటరీతో సహా ఎగరడానికి సిద్ధంగా ఉన్న బరువును తీసుకుని, నెమ్మదిగా ఎగిరే మోడల్‌కు కిలోకు 110 వాట్లు, ట్రైనర్‌కు (నేర్చుకునేవారి మోడల్‌కు) 150 నుంచి 200, సాధారణ విన్యాసాలకు 200 నుంచి 240, త్రీడీ విన్యాసాలకు (ముక్కు పైకెత్తి గాలిలో నిలబెట్టడం వంటివి) 330 ఆపైన అని లెక్కిస్తారు. ఇవి గాలిలో నుంచి ఊడిపడ్డ అంకెలు కావు. 1.2 కిలోల ట్రైనర్ సెకనుకు 15 మీటర్ల వేగంతో ఎగురుతోందని, దాని లిఫ్ట్‌కూ (పైకెత్తే బలం) డ్రాగ్‌కూ (గాలి నిరోధం) ఉన్న నిష్పత్తి 6 అని అనుకుంటే, ఎత్తు మారకుండా ఎగరడానికి గాలిలో కావలసిన శక్తి దాదాపు 30 వాట్లు, సెకనుకు 4 మీటర్ల చొప్పున పైకెక్కడానికి మరో 47 వాట్లు. మోటార్, ప్రొపెల్లర్ కలిసి బ్యాటరీ శక్తిలో 45 శాతాన్ని మాత్రమే పనిలోకి మారుస్తాయనుకుంటే, బ్యాటరీ నుంచి సుమారు 170 వాట్లు లాగవలసి వస్తుంది. అంటే కిలోకు 140 వాట్లు. వాడుకలో ఉన్న అంకెకు ఇది చాలా దగ్గర. ఒక్క జాగ్రత్త అవసరం: మోటార్ మీద ముద్రించిన గరిష్ఠ వాట్లు అది తట్టుకోగల హద్దును చెబుతాయే తప్ప, మీ ప్రొపెల్లర్‌తో, మీ బ్యాటరీతో అది నిజంగా ఎంత లాగుతుందో చెప్పవు.

థ్రస్ట్ పద్ధతి కంటికి కనిపించే ఆధారం ఇస్తుంది కనుక చాలామందికి దానిపై నమ్మకం ఎక్కువ. ట్రైనర్‌కు బరువులో సగానికి పైగా, త్రీడీకి బరువుకు ఒకటిన్నర రెట్లు థ్రస్ట్ ఉండాలంటారు. ముక్కు పైకెత్తి గాలిలో నిలబెట్టే మోడల్‌కు, చేత్తో విసిరి ఎగరేసే మోడల్‌కు ఇది తప్పక చూడవలసిన లెక్కే. అయితే త్రాసు మీద కొలిచేది విమానం కదలకుండా ఉన్నప్పటి థ్రస్ట్. విమానం వేగం పుంజుకుంటున్న కొద్దీ అది తగ్గుతూ వచ్చి, పిచ్ వేగాన్ని సమీపించేసరికి దాదాపు ఏమీ మిగలదు. విమానం ఎగిరేది ఆ తగ్గుదల మధ్యలోనే.

అందుకే నా దృష్టిలో నిర్ణయాత్మకమైనది మూడో లెక్క. నిమిషానికి తిరిగే చుట్లను అంగుళాలలోని పిచ్‌తో గుణించి, దాన్ని 0.001524తో గుణిస్తే, గంటకు కిలోమీటర్లలో పిచ్ వేగం వస్తుంది. అదే ట్రైనర్‌ను చూద్దాం. రెక్క వైశాల్యం 24 చదరపు డెసీమీటర్లయితే వింగ్ లోడింగ్ (ఒక్కో చదరపు డెసీమీటరు రెక్క మోసే బరువు) 50 గ్రాములు, స్టాల్ వేగం గంటకు సుమారు 29 కిలోమీటర్లు. పిచ్ వేగం దీనికి రెండు నుంచి మూడు రెట్లు ఉండాలి. 10×5 ప్రొపెల్లర్ (వ్యాసం 10 అంగుళాలు, పిచ్ 5 అంగుళాలు) 8,500 చుట్లు తిరిగితే 65 కిలోమీటర్లు, అంటే 2.2 రెట్లు, ఇది చక్కగా సరిపోతుంది. దాదాపు అదే శక్తితో 12×4 ప్రొపెల్లర్‌ను 7,200 చుట్లు తిప్పితే త్రాసు మీద థ్రస్ట్ ఇంకా ఎక్కువే కనిపిస్తుంది, కానీ పిచ్ వేగం 44 కిలోమీటర్లే, అంటే ఒకటిన్నర రెట్లు. ఎదురుగాలి కాస్త పెరిగితే ఆ మోడల్ ముందుకు సాగడానికి అవస్థ పడుతుంది. ఇక 7×7 ప్రొపెల్లర్‌ను ఆ శక్తితోనే 12,200 చుట్లు తిప్పితే పిచ్ వేగం 130 కిలోమీటర్లకు చేరుతుంది. విమానం కదలకుండా ఉన్నప్పుడు ఆ ప్రొపెల్లర్ రెక్కలు స్టాల్‌కు (గాలిపై పట్టు కోల్పోయే స్థితికి) దగ్గరలో తిరుగుతూ ఉంటాయి కనుక నేల విడవడానికే ఇబ్బంది, పైగా ఈ మోడల్‌కు ఆ వేగంతో పనే లేదు. మూడింటిలోనూ వాట్ల లెక్క ఒకటే, మూడు విమానాలూ వేర్వేరు. శక్తిని థ్రస్ట్‌గా, వేగంగా పంచేది ప్రొపెల్లర్ కాబట్టి, ఆ పంపకాన్ని చూడకుండా వాట్లు పెంచుకుంటూ పోతే బ్యాటరీ బరువు, దాంతోపాటు వింగ్ లోడింగ్, దాని వెంట స్టాల్ వేగం కూడా పెరుగుతాయి.

ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు ఈ మూడు లెక్కలనూ ఒకేసారి చేసిపెడతాయి; మనం ఇచ్చే బరువు, వైశాల్యం సరిగా ఉన్నంతవరకు ఉపయోగమే. కిట్‌తో వచ్చే సిఫారసు పట్టిక అదే బరువుతో కట్టినవారికి చాలు.

నేను పాటించే వరుస ఇది. కిలోకు వాట్లతో బ్యాటరీ, ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే పరికరం) పరిమాణాన్ని నిర్ణయిస్తాను. స్టాల్ వేగానికి రెండున్నర రెట్ల పిచ్ వేగం లక్ష్యంగా పెట్టుకుని ప్రొపెల్లర్‌ను, దాన్ని తిప్పగల కేవీని (భారం లేనప్పుడు మోటార్ ఒక వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు) ఎంచుకుంటాను. లోడ్ మీద మోటార్ కేవీ లెక్క ప్రకారం రావలసిన చుట్లలో 75 నుంచి 80 శాతమే తిరుగుతుందని గుర్తుంచుకోవాలి. ఎగరేయడానికి ముందు నిండు బ్యాటరీతో, పూర్తి త్రాటిల్‌లో కొన్ని సెకన్లపాటు వాట్ మీటర్‌తో కొలుస్తాను. కరెంటు ఈఎస్‌సీ హద్దును మించితే పిచ్ జోలికి పోకుండా వ్యాసం ఒక అంగుళం తగ్గించడం మేలు. ప్రొపెల్లర్ లాగే శక్తి వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుంది కనుక 10 నుంచి 9 అంగుళాలకు దిగితే, అవే చుట్ల వద్ద శక్తి మూడో వంతు తగ్గుతుంది. భారం తగ్గిన మోటార్ మరికొంత వేగంగా తిరుగుతుంది కాబట్టి పిచ్ వేగం తగ్గకపోగా కాస్త పెరుగుతుంది.