దామిని యాప్: పిడుగుల కాలంలో ఎంతవరకు నమ్మొచ్చు?

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. నైరుతి రుతుపవనాలు రావడానికి అప్పటికి నెల పైనే ఉంది. మన దగ్గర పిడుగుల భయం వానాకాలం దాకా ఆగదు. మిర్చి కల్లాల్లో ఎండుతుండగానే మొదలవుతుంది. మధ్యాహ్నం దాకా మాడ్చిన ఎండకు బంగాళాఖాతం తేమ, పైనుంచి పొడిగాలి, ఓ ఉపరితల ద్రోణి తోడైతే చాలు, సాయంత్రానికి ఉరుములు, పిడుగులు కురిపించే క్యుములోనింబస్ మేఘం కమ్ముకొస్తుంది. ఒక్కో ఊరి మీద గంటలో అంతా అయిపోతుంది. ఆ గంట ఏ ఊరికి ఎప్పుడో ముందురోజు బులెటిన్ చెప్పలేదు. ఆ లోటు తీర్చేది దామిని. పొలం పనులున్న ప్రతి ఇంట్లో ఒక ఫోన్‌లోనైనా ఉండాల్సిన యాప్ ఇది. కాకపోతే దాన్ని చదవడం తెలియాలి.

పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ దీన్ని తయారుచేసింది. ఉచితం. దేశమంతటా పెట్టిన సెన్సర్లు మెరుపు నుంచి పుట్టే రేడియో తరంగాలను పట్టుకుంటాయి. ఒక్కో సెన్సర్‌కు తరంగం ఎప్పుడు చేరిందో చూసి, ఆ తేడాలను బట్టి పిడుగు పడిన చోటు లెక్కగడతాయి. అంటే మ్యాప్‌లో మీరు చూసే చుక్క అంచనా కాదు, అప్పటికే పడిన పిడుగు.

తెరమీద మధ్యలో మీరుంటారు. చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాలు. ఎర్రచుక్క గత 5 నిమిషాల్లో పడింది, పసుపు 5 నుంచి 10 నిమిషాల కిందటిది, నీలం 10 నుంచి 15 నిమిషాల కిందటిది. చాలామంది ఎరుపు ఎక్కడుందో మాత్రమే చూస్తారు. అసలు చూడాల్సింది వరస. నీలం దూరంగా, పసుపు మధ్యలో, ఎరుపు మీ వైపు ఉంటే మేఘం మీ మీదికే వస్తోంది. వరస తిరగబడితే దాటిపోతోంది.

మేఘం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే, బయటి వలయం తాకినప్పటి నుంచి మీకున్నది గంట. లోపలి వలయానికి వచ్చేసరికి అరగంట. కల్లంలోని మిర్చిని కుప్పచేసి, పట్టా కప్పి, అంచులకు బరువులు పెట్టి, పశువులను తోలుకుని ఇల్లు చేరడానికి అరగంట చాలదు. అందుకే 40 కిలోమీటర్ల వలయంలో చుక్క పడగానే పని మొదలుపెట్టాలి. పైగా పిడుగు మేఘం కిందే పడాలని లేదు. వాన పడేచోటికి 10 కిలోమీటర్ల అవతల, ఎండ కాస్తున్న చేలోనూ పడుతుంది.

ఇన్‌స్టాల్ చేశాక లొకేషన్‌ను ‘ఎప్పుడూ అనుమతించు’లో పెట్టండి. ఆ యాప్‌కు బ్యాటరీ సేవర్ తీసేయండి. ఈ రెండూ చేయకపోతే తెర ఆరిన కాసేపటికి ఫోనే యాప్‌ను నిద్రపుచ్చుతుంది, హెచ్చరిక రాదు. అలర్ట్ రావట్లేదనే ఫిర్యాదుల్లో ముందుగా చూడాల్సింది ఇదే.

అసలు లోపం వేరే ఉంది. దీనికి నెట్ కావాలి. ఈదురుగాలికి కరెంటు పోయి టవర్ ఆగితే మ్యాప్ అక్కడే నిలిచిపోతుంది. పాత చుక్కలను చూసి ధైర్యపడితే ప్రమాదం. గొర్రెల కాపరుల దగ్గర చాలామందికి బటన్ ఫోనే ఉంటుంది. ఇంటి దగ్గరున్నవాళ్లు మధ్యాహ్నం రెండు దాటాక ఒక కన్నేసి, పొలంలో ఉన్నవాళ్లకు ఫోన్ చేయడం ఒక్కటే దారి. నెట్ లేనప్పుడు ‘అర్జునా ఫల్గుణా’ అనుకుంటూనే సెకన్లు లెక్కపెట్టండి. మెరుపు నుంచి ఉరుముకు ఎన్ని సెకన్లో చూసి 3తో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. 30 సెకన్ల లోపైతే పైకప్పున్న పక్కా ఇంట్లోనో, అద్దాలెత్తిన కారులోనో ఉండాలి. తాటిచెట్టు కింద, రేకుల పాక కింద కాదు. చెట్టుకు పడ్డ పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, నేల వెంట పాకి పశువుల కాళ్ల గుండా పోతుంది.

వడగళ్ల విషయంలో దామినిని నమ్ముకోకండి, అది దీని పని కాదు. 1888 ఏప్రిల్ 30న మొరాదాబాద్‌లో వడగళ్లకు 246 మంది చనిపోయారు. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు నేల మంచు పరిచినట్టు తెల్లబడింది. వడగళ్లకు, గాలులకు వాతావరణ శాఖ మూడేసి గంటలకు ఇచ్చే నౌకాస్ట్, అంటే రాబోయే కొద్ది గంటల అంచనా, చూడాలి. అది మౌసమ్ యాప్‌లో దొరుకుతుంది. రెండూ పక్కపక్కన ఉంచుకోండి.

ఇంకొకటి, ఎర్రచుక్కలు దాటిపోగానే చేలోకి పరిగెత్తకండి. చివరి ఉరుము విన్న తర్వాత 30 నిమిషాలు లోపలే ఉండండి. వెళ్లిపోతున్న మేఘం తోక నుంచీ పిడుగులు పడతాయి.