సమాచారం ఇవ్వకపోతే ఫిర్యాదు మేలా, అప్పీలు మేలా?

మా కాలనీలో వరద నీటి కాలువ పని సగంలో ఆగిపోయింది. వార్డు కమిటీలో ఆ పని గురించి ఏం తీర్మానించారో మినిట్స్ నకలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కూడా జత చేశాను. 30 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు.

ఒళ్లు మండి సమాచార కమిషన్‌కు ఫిర్యాదు రాశాను. పోస్టు చేసేలోగా మా వీధిలో ఉండే రిటైర్డ్ తహసీల్దార్ గారు చూసి, "మీకు ముందు కాగితం కావాలా, ఇవ్వని అధికారికి జరిమానా పడాలా?" అని అడిగారు. ఆ తేడా నాకు అప్పటిదాకా తెలియదు.

18వ సెక్షన్ కింద ఫిర్యాదు చేస్తే కమిషన్ విచారించి, తప్పు తేలితే రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 దాకా జరిమానా వేయగలదు. కానీ ఆ సెక్షన్ కింద సమాచారం ఇప్పించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు 2011లో మణిపూర్ కేసులో స్పష్టం చేసింది. అంటే కేసు గెలిచినా మినిట్స్ మన చేతికి రావు.

19వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్తే కాగితం ఇమ్మని ఆదేశించవచ్చు. కమిషన్ దగ్గర వేసే రెండో అప్పీలులో జరిమానా కూడా వేయవచ్చు. సమాచారం నిరాకరించడం సరైనదేనని నిరూపించుకోవాల్సిన బాధ్యత అధికారిదే. నా దృష్టిలో అప్పీలే మేలు.

ఇంకో కారణం కూడా ఉంది. మొదటి అప్పీలు అదే శాఖలోని పై అధికారి దగ్గరే తేలుతుంది. 30 రోజుల్లో, ఆలస్యమైతే 45 రోజుల్లో ఆయన తేల్చాలి. ఫిర్యాదుకు అలాంటి గడువేదీ చట్టంలో లేదు. పైగా 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా తెలంగాణ కమిషన్‌లో కమిషనర్లే లేరు. అలాంటి రోజుల్లో నేరుగా ఫిర్యాదు పెట్టినవాళ్లు ఎదురుచూడటం తప్ప చేయగలిగేదేముంది?

అప్పీలులో ఉన్న టెన్షన్ అల్లా తేదీలే. గడువు ముగిసిన 30 రోజుల్లోపు మొదటిది, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు రెండోది వేయాలి. స్పీడ్ పోస్టు రశీదులు పారేయకండి.

ఫిర్యాదే సరైన సందర్భాలూ ఉన్నాయి. దరఖాస్తే తీసుకోకపోవడం, సమాచార అధికారినే నియమించకపోవడం, అడ్డగోలు ఫీజు అడగడం. ఏయే కమిటీల సమావేశాలకు జనం రావచ్చో, ఎవరి మినిట్స్ చూడవచ్చో ఆఫీసే ముందుగా ప్రకటించాలని 4వ సెక్షన్ చెబుతోంది. అది కూడా చేయని ఆఫీసు మీద ఫిర్యాదు చేయాల్సిందే అంటాను.

ఇక అధికారులు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి. పూడిక తీయించాలన్నా, వీధి దీపం వెలగాలన్నా సోమవారం అక్కడ అర్జీ ఇవ్వడమే దగ్గరి దారి. డబ్బు ఎక్కడికి పోయిందో తెలియాలంటే మాత్రం అది చాలదు.

చాలామంది వాడుకోని దారి ఇంకొకటి ఉంది. నకళ్లకు బదులు ఫైలే చూపించమని అడగవచ్చు, మొదటి గంటకు ఫీజు లేదు. ఏ కాగితం ఉందో తెలియకుండా నకలు అడిగితే "ఆ పేరుతో రికార్డు లేదు" అనేస్తారు. ఫైలు ముందుంటే ఎస్టిమేట్ ఏదో, బిల్లు ఏదో మనమే చూసి, కావలసిన పేజీలే తీసుకోవచ్చు. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా చట్టంలోనే ఉన్నాయి.

నేను మొదటి అప్పీలే వేశాను. గడువు దాటినందున నకళ్లకు డబ్బు తీసుకోకూడదని అందులో రాశాను. మినిట్స్ వచ్చాయి, పైసా అడగలేదు. తీర్మానం ఉంది, ఎంత పని జరిగిందో లేదు. కొలతల పుస్తకం చూపించమని రెండో దరఖాస్తు నిన్ననే పోస్టు చేశాను.