బీఎస్సీ మ్యాథ్స్ అయ్యాక భీమవరంలో చేసిన డేటా అనలిటిక్స్ కోర్సు, నా రివ్యూ

మాది ఆకివీడు పక్కన పల్లెటూరండి. డిగ్రీ అయ్యాక బీఈడీ చెయ్యమని అమ్మ, రొయ్యల చెరువులు చూసుకోమని నాన్నగారు, నాకేమో డేటా అనలిస్ట్ అవ్వాలని. అమీర్‌పేట వెళ్తే ఫీజు కన్నా హాస్టల్ ఖర్చే తడిసి మోపెడవుద్ది, అందుకని భీమవరంలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరా, నాలుగు నెలలు, 22 వేలు. కంప్లైంట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయట్లేదు, ఎవర్నీ బజారున పెట్టడం నా ఉద్దేశం కాదు, మ్యాథ్స్ చదివి ఇటు వద్దామనుకునేవాళ్ళకి ఉపయోగపడుద్దని రాస్తున్నా.

మొదటి మూడు వారాలు ఎక్సెల్. పివోట్ టేబుల్, ఎక్స్‌లుకప్ ఇవన్నీ బానే చెప్పారు గానీ యూట్యూబ్ చూసి కూడా నేర్చుకోవచ్చు.

డబ్బులు గిట్టుబాటయింది మాత్రం ఎస్‌క్యూఎల్ దగ్గరండి, అంటే డేటాబేస్ టేబుళ్ళలోంచి మనకి కావాల్సింది అడిగి తెచ్చుకునే భాష. చెప్పిన మేడం గారు ఏ క్వెరీ అయినా రన్ కొట్టకముందే ఎన్ని రోలు (వరుసలు) వస్తాయో కాగితం మీద రాయించేవారు, అది నాకు చాలా నచ్చింది. మనం సెకండియర్‌లో ఈక్వివలెన్స్ రిలేషన్ ఇస్తే సెట్ పార్టిషన్ అవుద్దని ప్రూఫ్ బట్టీ పట్టాం కదా, ఒకే విలువ ఉన్న వరుసల్ని గుంపులు చేసే గ్రూప్ బై అంటే అచ్చంగా అదే. రెండు టేబుళ్ళని కలిపే జాయిన్ అంటే వాటి కార్టీజియన్ ప్రొడక్ట్‌లోంచి కండిషన్‌కి సరిపోయినవి ఏరుకోవడమే. అసలు డేటాని టేబుళ్ళుగా చూసే ఈ రిలేషనల్ మోడల్ 1970లో కంప్యూటర్ సైంటిస్ట్ కాడ్ గారు రాసిన పేపర్‌లో పుట్టిందే సెట్ థియరీ మీద. అది తెలిశాక, మూడేళ్ళు చదివింది వేస్ట్ అని నేనే అనుకుంటూ తిరిగినందుకు బాధేసింది. కాకపోతే నల్ (విలువ లేని ఖాళీ గడి) దగ్గర జాగ్రత్త, నల్ ఈక్వల్స్ నల్ అని రాస్తే ట్రూ రాదు, లెఫ్ట్ జాయిన్ (ఎడమ టేబుల్ వరుసలన్నీ ఉంచేది) చేసి కుడి టేబుల్ కాలమ్ మీద మామూలుగా వేర్ కండిషన్ పెట్టామంటే మ్యాచ్ కాని రోలన్నీ ఎగిరిపోయి ఇన్నర్ జాయిన్ (మ్యాచ్ అయినవే ఉంచేది) అయిపోద్ది, నేను ఒక పూటంతా దీనితోనే కొట్టుకున్నా.

డ్యాష్‌బోర్డులు చేసే పవర్ బీఐ ఫర్వాలేదు, అందులో లెక్కల ఫార్ములాలు రాసే డాక్స్ దగ్గర మాత్రం పరిగెత్తించేశారు. డెస్క్‌టాప్ వెర్షన్ ఫ్రీయే గానీ విండోస్ ల్యాప్‌టాప్ ఉండాలి, ఆ ముక్క చేరేటప్పుడు చెప్పలేదు, మా బ్యాచ్‌లో ఒకమ్మాయి మ్యాక్ తెచ్చుకుని ఇబ్బంది పడింది. పైథాన్ ఎనిమిది క్లాసులు, బోర్డు మీది కోడ్ ఎక్కించుకోవడమే. దానికోసం డబ్బు కట్టక్కర్లేదు, ఐఐటీలవాళ్ళ ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు ఫ్రీగా చూడొచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు.

ప్లేస్‌మెంట్ విషయంలో నాకు నిజంగా కోపమొచ్చింది. బోర్డు మీద వంద శాతం అని ఉంది, తీరా చూస్తే వాట్సాప్ గ్రూప్‌లో జాబ్ లింకులు పెట్టడమే. ఇంట్లో అప్పు చేసి కట్టినవాళ్ళు ఉన్నారండి, అలా రాయకూడదు.

ఇంకోటి, ప్రాజెక్ట్ అందరికీ ఒకటే, సూపర్‌మార్కెట్ సేల్స్ డ్యాష్‌బోర్డ్. మొదటి ఇంటర్వ్యూలో ప్రశ్నలడిగినాయన అది చూసి, ఇది మీరు చేశారా మీ ఇన్‌స్టిట్యూట్ చేయించిందా అన్నారు, నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి నాన్నగారి చెరువు పుస్తకం తీశా. సీడ్ వేసిన తేదీ, రోజువారీ మేత, వారం వారం వల విసిరి చూసిన కౌంటు, పట్టుబడి, అన్నీ ఆయన చేత్తో రాసినవే, ఆరు పంటలవి. ఎక్కించడానికే పది రోజులు పట్టింది, కొన్నిచోట్ల మేత బస్తాల్లో కొన్నిచోట్ల కిలోల్లో ఉంది. ఒక చెరువు 40 కౌంటు, ఇంకోటి 60 ఉంటే ఆయన సగటు 50 వేసుకునేవారు. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలని కదా, రెండిట్లో కిలోలు సమానమైతేనే 50 కరెక్టు. రొయ్యల సంఖ్య సమానమైతే ఒక్కో రొయ్య బరువు 25 గ్రాములూ 16.67 గ్రాములూ, సగటు 20.83, అంటే 48 కౌంటు. హార్మోనిక్ మీన్ అన్నమాట. నాన్నగారికి కూర్చోబెట్టి చెప్తే కాసేపు ఆలోచించి, "అయితే పాత పంటలవి కూడా మళ్ళీ వెయ్యరా" అన్నారు.

తర్వాత ఇంటర్వ్యూలో అరగంట ఈ పుస్తకం గురించే అడిగారు. ఇప్పుడు మేత కంపెనీ ఆఫీసులో ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్‌ని, అంటే కంపెనీ డేటా రిపోర్టులు తయారుచేసే పని, 18 వేలు. పేరుకి అనలిస్ట్ కాదు గానీ రోజూ చేసేది ఎస్‌క్యూఎలే.

నా రేటింగ్ ఐదుకి మూడు, ఆ మూడూ మేడం గారికే. చేరాలనుకుంటే ముందు డెమో క్లాసుకి వెళ్ళండి, ఎస్‌క్యూఎల్ ఎవరు చెప్తారు, ఎన్ని గంటలు, చివర్లో మన సొంత డేటాతో ప్రాజెక్ట్ చేసుకోనిస్తారా అని ఫీజు కట్టకముందే అడగండి.