కేజీఎఫ్‌లో దిగబడ్డ జీపు, బెంగళూరులో దిగబడ్డ డిపాజిట్

ముందే చెప్తున్నా, కేజీఎఫ్ (కోలార్ బంగారు గనులు) మీద నాకేం కంప్లైంట్ లేదు, కడుపుమంటంతా బెంగళూరులో జీపు అద్దెకిచ్చినవాడి మీదే. రోజుకి 5,500, డిపాజిట్ 10,000, "ఫోర్ బై ఫోర్ సార్, కొండైనా ఎక్కుద్ది" అన్నాడు, అంటే ఇంజన్ బలం నాలుగు చక్రాలకీ అందే బండన్నమాట. నేను, మా ఆవిడ, బావమరిది మారతహళ్లిలో ఐదున్నరకి బయల్దేరి కోలార్, బంగారపేట మీదుగా వెళ్లిపోయాం, రోడ్డు బానే ఉంది.

రాబర్ట్‌సన్‌పేటలో ఇడ్లీలు (ముగ్గురికి 180) తిని మారికుప్పం వైపు తిరిగాం. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చుకున్న గనులండీ ఇవి, చాంపియన్ రీఫ్ అనే గని అయితే మూడు కిలోమీటర్ల పైనే లోతు, 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. లోపలికి వదలరు, గేటు దగ్గర బతిమాలుతూ టైం వేస్ట్ చేసుకోకండి. సైనైడ్ దిబ్బల మీదకి బండి ఎక్కించొద్దు, ఆ దుమ్ము మంచిది కాదు. మేం పక్కనున్న మట్టిబాట పట్టుకుని బిసానత్తం వైపు పోయాం, అక్కడా ఒకప్పుడు బంగారు గనే, కాకపోతే అది మన చిత్తూరు జిల్లా.

ముందురోజు వాన పడింది. రాయిని పిండి చేసి బంగారం లాగేశాక పారేసిన పొడి కదా ఆ దిబ్బలంటే, అది కొట్టుకొచ్చి వాగు దగ్గర పేరుకుంది, పైకి ఎండిన నేలలా ఉంది, లోపలంతా దోసెల పిండి. వెనక చక్రాలు సగం దిగిపోయాయి. ఫోర్ బై ఫోర్ లివర్ వేశా, టక్కున పడింది, లైటూ వెలిగింది, బావమరిది దిగి చూసి "బావా, ముందు చక్రాలు తిరగట్లేదు" అన్నాడు. గంటసేపు రాళ్లు, కాళ్ల కింద మ్యాట్లు అన్నీ పెట్టాం. మా ఆవిడ గొడుగేసుకుని బండమీద కూర్చుంది, ఒక్క మాట అనలేదు, నాకు అదే భయం.

చివరికి ట్రాక్టరు పెద్దాయనొకరు 800 తీసుకుని లాగారు. కిందకి వంగి చూసి "ముందరి చక్రాలకి పొయ్యే రాడ్డే లేదు కదప్పా" అన్నారు. ఊడదీసేశాడు వెధవ! లైటు వెలగడానికి రాడ్డు అక్కర్లేదంట.

వాపసిచ్చేటప్పుడు అడిగితే "ఆఫ్‌రోడ్‌కని చెప్పలేదు కదా సార్" అని, పైగా బంపర్ మీద గీత చూపించి 3,000 కోసుకున్నాడు. అద్దెకి తీసుకునేముందు సిగ్గుపడకుండా కింద దూరి చూడండి, ముందుకొకటి వెనక్కొకటి రెండు రాడ్లు ఉండాలి.

బావమరిది వాడితో గొడవకి పోదామంటున్నాడు. మా ఆవిడ మాత్రం ఈసారి ఆ ట్రాక్టరే మాట్లాడుకోండి అంది.