సీ వ్యూ అని 212 పౌండ్లు లాగారు... స్కెగ్‌నెస్ నుంచి ఆన్‌ఫీల్డ్ దాకా మామయ్యతో

ముందే చెప్తున్నా, ఇది సగం ట్రిప్ రివ్యూ, సగం నా కడుపుమంట. మేము ఉండేది నాటింగ్‌హామ్‌లో. మామయ్యగారు సికింద్రాబాద్ నుంచి రెండు నెలలకి వచ్చారు. అందరూ అడిగినట్టు లండన్ బ్రిడ్జ్, ప్యాలెస్ అడుగుతారనుకుంటే ఈయన రే క్లెమెన్స్ (పాతకాలం ఇంగ్లండ్ ఫుట్‌బాల్ గోల్‌కీపర్) పుట్టిన ఊరు చూపించు అల్లుడూ అన్నారు. నేను క్రికెట్ బ్యాచ్, ఆ పేరే వినలేదు. మామయ్య కుర్రతనంలో రైల్వే గ్రౌండ్స్‌లో గోల్‌కీపర్ ఆడేవారు, గ్లోవ్స్ లేకుండా ఆడటం వల్ల కుడిచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ వంకరే. అప్పట్లో ఆదివారం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లిష్ మ్యాగజైన్లు కొని అందులో క్లెమెన్స్ బొమ్మలు కత్తిరించుకునేవారంట. సరే, ఆగస్టులో శుక్రవారం సాయంత్రం నేను, మా ఆవిడ, మా ఏడేళ్ళ బాబు, మామయ్య కారులో బయల్దేరాం.

క్లెమెన్స్ పుట్టిన స్కెగ్‌నెస్‌కి 80 మైళ్ళే కానీ ఎండాకాలం ఆ ఏ52 రోడ్డు మీద ముందు ఒక ట్రాక్టరు, దాని ముందు ఒక క్యారవాన్, ఇంక పాకడమే, రెండున్నర గంటలు పైనే పట్టింది.

ఇప్పుడు అసలు విషయం. సముద్రం ఒడ్డు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఒకటి, పేరు రాయను, రాస్తే వాళ్ళకి ఫ్రీ పబ్లిసిటీ. సీ వ్యూ రూములు రెండు, ఒక్కోటి 95 పౌండ్లు, ఆన్‌లైన్‌లో ముందే కట్టేశాం. వెళ్ళాక ఓనరమ్మ బాబుని ఎగాదిగా చూసి పిల్లాడికి 15 ఎక్స్‌ట్రా అంది, బుకింగ్‌లో పిల్లాడు ఉన్నాడు కదండీ అంటే ఆ వెబ్‌సైట్ మాది కాదు అంది. కారు పార్కింగ్ 7. మొత్తం 212 పౌండ్లు, మన డబ్బుల్లో ఇరవై మూడు వేలు దాటింది. రూములోకి వెళ్తే కార్పెట్ తడి కుక్క వాసన. కిటికీలోంచి పక్కింటి గోడ, డ్రెయినేజీ పైపు, తల బయటకి పెట్టి ఎడమకి పూర్తిగా తిప్పితే ఒక బెత్తెడు సందు. మామయ్య అలాగే తల పెట్టి చూసి, ఏంది అల్లుడూ, సముద్రం ఏడుంది, ఇసుకే కనపడుతుంది కదా అన్నారు. నిజమే, అక్కడ ఆటు వచ్చినప్పుడు నీళ్ళు చాలా దూరం వెనక్కి పోతాయి. ఓనరమ్మని అడిగితే పొద్దున్నకి వస్తుంది అంది, పాలవాడి గురించి చెప్పినట్టు.

షవర్‌లో వేడినీళ్ళు సరిగ్గా మా ఆవిడ స్నానం వరకు వచ్చాయి. పొద్దున్న మామయ్య చన్నీళ్ళే పోసుకున్నారు, ఇంగ్లండ్ చన్నీళ్ళు అంటే తెలిసిందే కదా. బ్రేక్‌ఫాస్ట్‌కి కూర్చుంటే ఆ రోజు శనివారం, మామయ్య శనివారాలు గుడ్డు కూడా ముట్టరు. వెజిటేరియన్ ఉందని బుక్ చేసినప్పుడు రాసుంది. వచ్చింది ఏంటంటే వాళ్ళ మామూలు ప్లేటే, సాసేజ్ తీసేసి, ఆ సాసేజ్ జిడ్డు బీన్స్‌లో అలానే ఉంది. వేరే ప్లేట్ ఇవ్వండి అంటే మొహం మాడ్చుకుని రెండు టోస్టులు, ఒక పుట్టగొడుగు తెచ్చింది. ఒక్కటంటే ఒక్కటి. మా ఆవిడ ఆ తర్వాత గంటసేపు నాతో మాట్లాడలేదు, బుక్ చేసింది నేనే కాబట్టి.

బీచ్‌కి వెళ్ళాక కొంచెం మూడ్ మారింది. గాడిదల మీద పిల్లల్ని తిప్పుతారు, మావాడు రెండు రౌండ్లు. గాలి మాత్రం చెంప మీద కొట్టినట్టే, 1908లో ఈ ఊరికి వేసిన రైల్వే పోస్టర్‌లో కూడా గాలి గురించే గొప్పగా రాశారు, లావుపాటి జాలరి ఎగురుతూ ఉంటాడే, అదే. మామయ్య ఇసుకలో నిలబడి చెప్పుకొచ్చారు. క్లెమెన్స్ 1948లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. స్కంథార్ప్ అని చిన్న క్లబ్‌కి ఆడుతూ, సీజన్ లేనప్పుడు డబ్బుల కోసం ఈ బీచ్‌లో మడత కుర్చీలు అద్దెకిచ్చే పని చేసేవాడు. 1967లో ఆ పనిలో ఉండగానే లివర్‌పూల్ అనే పెద్ద క్లబ్ నుంచి పిలుపు, 18,000 పౌండ్లకి కొన్నారు. మామయ్యకి ఆ మడత కుర్చీలో కూర్చుని ఒక ఫొటో కావాలి. అంత దూరం నడిచినా మాకు ఒక్క కుర్చీ కనపడలేదు. అతని గుర్తుగా బోర్డేమైనా ఉందా అని ఐస్‌క్రీమ్ అబ్బాయిని అడిగితే, ఎవరు అన్నాడు. మామయ్య మొహం వాడిపోయింది. చిప్స్ మాత్రం సూపర్, నాలుగు ప్లేట్లు 17.60, మామయ్య కోసం వేరే నూనెలో వేయించారా అని అడిగితే విసుక్కోకుండా లోపలికి తీసుకెళ్ళి చూపించాడు ఆ షాపాయన. మర్యాద అంటే అది అమ్మా ఓనరమ్మా.

తర్వాత స్కంథార్ప్. ఎవరూ టూరిస్టులుగా వెళ్ళే ఊరు కాదు, స్టీల్ ప్లాంట్ ఊరు. క్లెమెన్స్ ఆడిన ఓల్డ్ షో గ్రౌండ్‌ని 1988లో అమ్మేశారు, ఇప్పుడక్కడ సూపర్ మార్కెట్. మా ఆవిడ కారు దిగనంది. నేనూ మామయ్యా లోపలికెళ్ళి ర్యాకుల మధ్య తిరుగుతూ గోల్ ఎటువైపు ఉండేదో అని వెతికాం. మామయ్య ఒక చోట ఆగి, రెండు వైపులా చూసి, ఇక్కడే అయుండాలి అన్నారు. బ్రెడ్లకీ జామ్‌లకీ మధ్య. అయిదు నిమిషాలు కదల్లేదు, ట్రాలీల వాళ్ళు పక్కనుంచి తిరిగి పోతున్నారు. అరటిపళ్ళు, పెరుగు, బాబుకి జ్యూస్ కొన్నాం, 6.15 అయింది. నిజం చెప్పాలంటే ట్రిప్‌లో నాకు బాగా గుర్తుండిపోయింది అదే, టికెట్ కూడా లేదు.

లివర్‌పూల్ హోటల్ బాగుంది, 84 పౌండ్లు ఫ్యామిలీ రూము, కంప్లైంట్ లేదు.

ఆదివారం ఆన్‌ఫీల్డ్ టూర్, అంటే లివర్‌పూల్ క్లబ్ సొంత గ్రౌండ్. మా అందరికీ కలిపి 88 పౌండ్లు, మొదట మనసొప్పలేదు కానీ వర్త్. చెవికి పెట్టుకునే ఆడియో ఇస్తారు, మామయ్య అది తీసి జేబులో పెట్టుకుని ఆయనే మాకు కామెంటరీ. మ్యూజియంలో ఆరు యూరోపియన్ కప్పులుంటే అందులో మూడు, 1977, 1978, 1981వి, క్లెమెన్స్ గోల్‌లో నిలబడగా గెలిచినవి. మొత్తం 665 మ్యాచ్‌లు ఈ క్లబ్‌కి. 1978-79లో లీగ్‌లో 42 మ్యాచ్‌లకి ఇచ్చిన గోల్స్ పదహారే, ఈ గ్రౌండ్‌లో అయితే నాలుగే. కానీ వచ్చిన కొత్తలో రెండేళ్ళు పైగా రిజర్వ్ టీమ్‌లో కూర్చోబెట్టారు, అది చెప్పేటప్పుడు మామయ్య గొంతు మారింది, ఆయన బెంచీ కథ వేరే ఉందిలెండి.

మామయ్య బాధంతా ఒకటే. 1976లో గ్లాస్గోలో స్కాట్లండ్‌తో మ్యాచ్‌లో వాళ్ళ డాల్గ్లిష్ కొట్టిన మెత్తటి షాట్ క్లెమెన్స్ కాళ్ళ సందులోంచి దూరిపోయింది, ఇంగ్లండ్ 2-1తో ఓడింది, అది అందరికీ గుర్తే. 1973 యుఈఎఫ్ఏ కప్ (యూరప్ క్లబ్‌ల టోర్నీ) ఫైనల్ మొదటి మ్యాచ్‌లో ఇదే ఆన్‌ఫీల్డ్‌లో జర్మన్ టీమ్ ఆటగాడు హైంకెస్ పెనాల్టీ ఆపాడు, రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో కప్పు వచ్చింది, అంటే ఆ ఒక్క ఆపుడే కప్పు. అది ఎవడికి గుర్తుంది అల్లుడూ అని నన్ను అడుగుతున్నారు, నేనేదో మర్చిపోయినట్టు.

ఇది విని టూర్‌లో ఉన్న ముసలాయన ఒకాయన, అక్కడ పనిచేసే గైడే, దగ్గరికొచ్చాడు. 1981లో క్లెమెన్స్ టాటెన్‌హామ్ అనే లండన్ క్లబ్‌కి వెళ్ళిపోయాడు, మరుసటేడు మే నెలలో ప్రత్యర్థిగా ఇక్కడికొస్తే గోల్ వెనక కాప్ స్టాండ్ మొత్తం చప్పట్లు కొట్టింది, నేనూ అందులో ఉన్నా అన్నాడు. ఇంక ఇద్దరికీ టైమే తెలీలేదు. ఆట మానేశాక కోచ్ అయ్యాడనీ, టాటెన్‌హామ్‌లో, తర్వాత బార్నెట్ క్లబ్ మేనేజర్‌గా, 1996 నుంచి ఇంగ్లండ్ గోల్‌కీపర్లకి కోచ్‌గా ఏళ్ళ తరబడి ఉన్నాడనీ, క్యాన్సర్‌తో ఉంటూ కూడా పని చేశాడనీ, 2020 నవంబర్‌లో పోయాడనీ ఆయనే చెప్పాడు. మామయ్య మన ఇండియా ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ సాబ్ గురించి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ గోల్డ్ గురించి, మన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ గురించి చెప్పారు, సగం ఇంగ్లిష్ సగం చేతులతో. ఆయన మామయ్య వంకర వేళ్ళు చూసి తన ఎడమ బొటనవేలు చూపించాడు, అదీ వంకరే.

మీరు వెళ్తే నా మాట: స్కెగ్‌నెస్ పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయండి, రాత్రి ఉండొద్దు, ఉంటే సీ వ్యూ అన్న మాటకి పైసా ఎక్కువ ఇవ్వొద్దు. ఆన్‌ఫీల్డ్ మ్యాచ్ లేని రోజు ముందే బుక్ చేసుకోండి. రివ్యూ పెట్టాను, ఓనరమ్మ జవాబిచ్చింది, సముద్రం ఉంది, మీరు చూసిన టైమ్ తప్పు అని.

ఇంటికొచ్చాక మామయ్యగారూ, పక్కనే లెస్టర్, ఇంకో ఇంగ్లండ్ గోల్‌కీపర్ పీటర్ షిల్టన్ పుట్టిన ఊరు, గంట కూడా పట్టదు, వచ్చే వారం వెళ్దామా అన్నా. షిల్టన్‌కి ఇంగ్లండ్ తరఫున 125 మ్యాచ్‌లు, క్లెమెన్స్‌కి 61, ఇద్దర్నీ మార్చి మార్చి ఆడించి చివరికి 1982 వరల్డ్ కప్‌లో షిల్టన్‌నే దింపారు. నాకు అప్పటికి ఈ గొడవ తెలీదు. మామయ్య పేపర్ మడిచి పక్కన పెట్టి, ఆ ఊరు పేరు నా ముందు ఎత్తకు అల్లుడూ అన్నారు.