మూడేళ్ళుగా జాతీయ లక్ష్యాలతోనే పాఠం చెప్తున్నా, ఆ 60 మాటల లెక్క మాత్రం మింగుడు పడట్లేదు

దేశమంతా ఒకే సిలబస్ పెడితే ఎలా ఉంటుందని ఈమధ్య కాంప్లెక్స్ మీటింగ్ (చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశం) ఎప్పుడు జరిగినా ఒకటే చర్చ. నాకైతే అందులో సగం అనుభవం అయిపోయినట్టే, పుస్తకాలు రాష్ట్రానివే అయినా మూడో తరగతి దాకా పిల్లలకి ఏం రావాలో చెప్పే లక్ష్యాలు 2021లో వచ్చిన నిపుణ్ భారత్‌వి కదా, అంటే చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు వచ్చేలా చేయాలని కేంద్రం పెట్టిన కార్యక్రమం. మా తెలంగాణలో దాన్ని 2022లో తొలిమెట్టు అనే రాష్ట్ర కార్యక్రమంతో మొదలుపెట్టాం.

మంచి జరగలేదని అనను. ఇదివరకు పాఠాలు అయిపోయాయా లేదా అనే అడిగేవాళ్ళు, ఇప్పుడు పిల్లాడికి చదవడం వచ్చిందా అని అడుగుతున్నారు, ఇరవై ఏళ్ళ సర్వీసులో నాకు ఇంత సంతోషం కలిగించిన మార్పు ఇంకోటి లేదు.

బాధల్లా ఒక్కటే. మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలన్నారు. ఒకసారి విజిట్‌కి వచ్చినాయన ఫోన్‌లో టైమర్ పెట్టి మా క్లాసులో ఒక పాపతో చదివించారు. కథలో "ఎత్తుకెళ్ళిపోయిందట" అనే మాట దగ్గర పాప ఆగింది. "ఎత్తు... కెళ్ళి..." అని వేలు పెట్టి ఒత్తులు కూడబలుక్కుని, మొత్తం ఒక్కసారి అని, తలెత్తి "కుక్కపిల్ల చెప్పు ఎత్తుకెళ్ళిపోయిందట టీచర్!" అని నవ్వింది. ఈలోపు టైమ్ అయిపోయింది. 41 మాటలు, షీట్‌లో వెనకబడిన గ్రూప్‌లో టిక్కు పడింది. అర్థమైంది కాబట్టే కదా నవ్వింది! అదే ముక్క ఇంగ్లీషులో చెప్పాలంటే అయిదారు మాటలవుతుంది, మనకి ఒక్కటే, మాటకి మాట కలిపేసుకోవడం తెలుగు నైజం, మరి రెండిటికీ ఒకే గడియారం ఎలా పెడతారు? ఆ రోజు ఇంటికెళ్ళాక కూడా పాప మొహమే కళ్ళ ముందుంది.

ఈ సంగతి పైవాళ్ళకి అసలు తెలీదని కూడా అనలేను. 2022 మార్చిలో మూడో తరగతి పిల్లల మీద ఎన్‌సీఈఆర్‌టీ (బడి చదువుల మీద పనిచేసే కేంద్ర సంస్థ) చేసిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీ అనే సర్వేలో 20 భాషల్లో చదివించి, ఏ భాషకి ఆ భాషకే విడిగా బెంచ్‌మార్క్, అంటే ఎంత చదివితే చాలనే కొలత, పెట్టారు. అది చూసి చాలా సంబరపడ్డా, కానీ మా గోడ మీది చార్టులో ఇప్పటికీ 60 అనే ఉంది.

చదవడం వచ్చిందా అని అడుగుతున్నారని పైన మెచ్చుకున్నా కదా, ఆ మెచ్చుకోలు కూడా కాస్త తగ్గించుకోవాలి, ఎందుకంటే చాలాసార్లు అడిగేది ఎన్ని మాటలని మాత్రమే.

మా కాంప్లెక్స్‌లో కుర్ర టీచర్లు ఒకే సిలబస్ రావాలంటున్నారు, పై చదువుల పోటీ పరీక్షలు కొన్ని దేశమంతటికీ ఒకటే కాబట్టి, వలస పిల్లలు ఏ రాష్ట్రం బడికెళ్ళినా పాఠం తెగదు కాబట్టి. అది నిజమే, కాదనను. లెక్కలకైతే నేనూ ఒప్పుకుంటా. చదవడం, రాయడం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ భాషలో ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించిన టీచర్లని కూర్చోబెట్టుకుని లక్ష్యాలు రాయాలి. మాది ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులున్న బడి, ఒక్కో పిల్లాడి దగ్గర నిమిషం కూర్చోవడమే కష్టం, తరగతికో టీచర్ ఉన్న చోట వాళ్ళకి ఈ 60 ఇంత భారంగా అనిపించకపోవచ్చు.