మూడేళ్లు, ఒక్క బస్తా: మా రాకెట్ల వ్యాడింగ్ సంగతి

మూడేళ్ల కిందట హార్డ్‌వేర్ షాపులో సెల్యులోజ్ ఇన్సులేషన్ (ఇంటి అటకలో వేడి, చలి ఆపడానికి పరిచే కాగితపు పొట్టు) బస్తా ఒకటి కొంటుంటే, కౌంటర్ దగ్గర కుర్రాడు "ఒక్కటేనా, మీ అటక అంత చిన్నదా?" అని అడిగాడు. అటకకి కాదు బాబూ, మావాడి మోడల్ రాకెట్లకి అంటే నవ్వాడు. పదిహేను డాలర్ల చిల్లర అయింది. ఆ బస్తాలో ఇప్పటికీ సగానికి పైగా మిగిలి ఉంది.

మేముండేది హ్యూస్టన్ పక్కన కేటీలో. నెలకి రెండు ఆదివారాలు, గాలి లేకపోతే, పొద్దున్నే మైదానానికి పోతాం. వ్యాడింగ్ ఎందుకు పెడతారో ఈ పిచ్చి ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి ఒక్క మాట: రాకెట్ పైకి పోయాక మోటార్‌లో, అంటే మందు కూరిన చిన్న గొట్టంలో, చివరన ఉన్న ఎజెక్షన్ చార్జ్ పేలి పారాచూట్‌ని బయటికి తోస్తుంది. ఆ వేడికి పారాచూట్ కాలకుండా మధ్యలో వేసేదే వ్యాడింగ్. కంపెనీ ప్యాకెట్‌లో మంట అంటుకోని టిష్యూ కాగితాలు 75 వస్తాయి. బిగ్ బెర్తా రాకెట్ లాంటి లావుపాటి గొట్టానికి ఒక్కసారికి ఐదారు పడతాయి. మావాడు ఒక్క పూటలో ఎనిమిది సార్లు ఎగరేసే రకం, రెండు ఆదివారాల్లో ప్యాకెట్ ఖాళీ. ఒకసారి నేను పొదుపు చేద్దామని రెండు కాగితాలతో సరిపెట్టాను. పారాచూట్ బయటికైతే వచ్చింది గానీ విచ్చుకోలేదు. పాలిథిన్ కరిగి, చల్లారిన లక్కలా గట్టి ముద్ద అయిపోయింది. రెండు రెక్కలు విరిగాయి. నాలుగు కాగితాలు మిగుల్చుకోబోయి రాకెట్ పోగొట్టుకున్నానని మావాడు ఇప్పటికీ దెప్పుతాడు.

ఈ బస్తా సంగతి చెప్పింది మైదానంలో కలిసే ఒక పెద్దాయన. ఇక్కడి రాకెట్ జనం దీన్ని ముద్దుగా "కుక్క వాంతి" అంటారు. చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. పాత న్యూస్‌పేపర్లను పీచుపీచుగా చేసి, మంట పట్టకుండా బోరేట్ అనే రసాయనం కలిపిన బూడిదరంగు పొట్టు అది. అగ్గిపుల్ల పెడితే నల్లబడుతుంది తప్ప అంటుకోదు. ఎజెక్షన్ చార్జ్ అంటే చిటికెడు తుపాకి మందే కదా, ఆ క్షణం పాటు తట్టుకుంటే చాలు. కింద పడ్డాక ఎండుగడ్డి అంటుకోకూడదన్నది ఇంకో సంగతి. వ్యాడింగ్ మంట పట్టనిదే అయి ఉండాలని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమాల్లోనే ఉంది. అందుకే మామూలు టాయ్‌లెట్ పేపర్, దూది పనికిరావు.

దూది మాట ఎందుకంటే, మొదటి ఏడాది తెనాలి నుంచి వచ్చిన మా నాన్న "దానికింత హంగామా ఎందుకురా, కాస్త దూది కూరితే పోలా" అన్నారు. అప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వు తర్వాత నాకే తిరిగొచ్చింది.

రెండేళ్ల పాటు ఈ బస్తాని ఎవరడిగినా ఆకాశానికెత్తాను. గొట్టం వెడల్పుకి రెండింతల లోతు పొట్టు వేయడం, పైన పారాచూట్, అంతే. మావాడి నోట్‌బుక్ ప్రకారం ఎగరేసినవి వంద దాటాయి, ఒక్క పారాచూట్ కాలలేదు. సరే, ఒకదానికి అంచున చిల్లు పడింది. ఆ రోజు పొట్టు వేసింది నేనే.

అసలు దెబ్బ పోయిన జూన్‌లో తగిలింది. మావాడు సొంతంగా చేసుకున్న సన్న రాకెట్. 18 మిల్లీమీటర్ల మోటార్ సరిగ్గా పట్టేంత గొట్టం, మోటార్‌కి టేప్ చుట్టి బిగించడమే, పట్టుకోవడానికి కొక్కెం లేదు. నెల రోజులు రుద్ది, రంగు వేసి, దాని మీద తన పేరు కూడా రాసుకున్నాడు. వారమంతా వాన. బస్తా మూతి కట్టడం మర్చిపోయాను. హ్యూస్టన్ తేమ సంగతి తెలిసిందే, గరాజ్‌లో పెట్టిన అట్టపెట్టెలే మెత్తబడతాయి. పొద్దున్నే హడావిడిలో గుప్పెడు పొట్టు తీసి, సన్న గొట్టంలోకి దిగక, పెన్సిల్‌తో నాలుగు పోట్లు పొడిచి కూరాను.

బి6-6 మోటార్ మీద చక్కగా పైకి పోయింది. మోటార్ ఆరాక ఎజెక్షన్ చార్జ్ పేలడానికి పట్టే ఆరు సెకన్లు లెక్కపెడుతున్నాం. పైన టప్ మంది. పారాచూట్ బదులు పెట్టిన ఎర్ర రిబ్బన్ రావాలి, రాలేదు. పక్కనించి ఏదో చిన్న ముక్క గిరగిరా తిరుగుతూ పడింది. అది మోటార్. పై దారి మూసుకుపోతే ఆ ఒత్తిడి వెనక నుంచి మోటార్‌ని తన్నేసింది. వెనక బరువు పోయిన రాకెట్ ముక్కు కిందికి పెట్టి, మా కళ్లముందే బురదలో దిగబడింది. లాగి చూస్తే గొట్టం హార్మోనియం తిత్తిలా ముడతలు పడింది. లోపల పొట్టు నానిన అటుకుల ముద్దలా ఉంది. కాలలేదు, కదల్లేదు! మావాడు ఏడవలేదు గానీ కారులో ఒక్క మాట మాట్లాడలేదు.

సాయంత్రం నాన్న, పోయినేడు కూడా వచ్చారు లెండి, బస్తా ముందు కూర్చుని పొట్టు చేతిలోకి తీసుకుని చూశారు. "ఏకకుండా పరుపులో దూది కూరితే ఏమవుతుంది? గడ్డలే కదా. దీన్నీ ఏకి వెయ్యాలిరా" అన్నారు. పేపర్ పరిచి, రెండు చేతుల వేళ్లతో విడదీస్తూ దూదేకినట్టు ఏకడం మొదలుపెట్టారు. గుప్పెడు పొట్టు చూస్తుండగా గిన్నెడైంది. అప్పట్నుంచి మా పద్ధతి అదే. ఎండిన పొట్టు ఏకి, పైనుంచి రాలనివ్వాలి, నొక్కకూడదు. మోటార్ పెట్టకముందు వెనక నుంచి నోటితో ఊదితే పొట్టు, రిబ్బన్ కలిసి కదలాలి. కదలకపోతే అంతా తీసి మళ్లీ వెయ్యడమే.

ఇప్పుడు నేను మునుపటిలా కళ్లు మూసుకుని మెచ్చుకోను. సన్న గొట్టాలకి మళ్లీ ప్యాకెట్ కాగితాలే వాడుతున్నాను, అక్కడ రెండు మూడు చాలు కాబట్టి జేబుకీ భారం లేదు. గాలి ఉంటే పొట్టు గొట్టంలో కంటే మొహం మీదే ఎక్కువ పడుతుంది. గరాజ్‌లో దుమ్ము గురించి మా ఆవిడ అనే మాటలు ఇక్కడ రాయను. ఏకేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. నోమెక్స్ అనే మంటని తట్టుకునే గుడ్డ కూడా కొన్నాం. మళ్లీ మళ్లీ వాడొచ్చు, మైదానంలో చెత్త పడదు. కానీ మావాడు పారాచూట్‌ని అందులో పొట్లంలా బిగించి చుడితే ఒకసారి విప్పుకోనే లేదు. లావు రాకెట్లకి మంచిదే, మాకింకా చెయ్యి తిరగలేదు.

మాకు గరాజ్ ఉంది, నెలకి పదిహేనిరవై సార్లు ఎగరేస్తాం, కాబట్టి బస్తా గిట్టుబాటైంది. అపార్ట్‌మెంట్‌లో ఉండి ఏడాదికి నాలుగుసార్లు ఎగరేసేవాళ్లు ప్యాకెట్ కొనుక్కోవడమే నయం. లేదా కేటీ వైపు వస్తే ఒక సంచి తెచ్చుకోండి, పొట్టు నింపి ఇస్తాను. మా ఆవిడైతే బస్తాతో సహా ఇచ్చెయ్యమంటోంది.